కొంగ గుర్తు రివాల్వరు, అల్లాబకాష్ చెవి

గల్ఫులో మేముండే ఇంటర్నేషనల్ సిటీలో భవనాలన్నీ ఒకే అచ్చులో పోసినట్లుంటాయి. తన ఇల్లే అనుకొని పక్క భవనంలో అదే అంతస్తులోని తలుపు తట్టడం ఇక్కడ ప్రతివారికీ ఒక్కసారైనా జరిగే పొరపాటు. అల్లాబకాష్‌తో నా పరిచయానికి ఆ పొరపాటే మూలం. తట్టినవాణ్ణి నేను, తీసినవాడు ఆయన.

"మీ ఇల్లు పక్క బిల్డింగు సార్. వచ్చినోరు ఎట్లా వచ్చినారు, చాయ్ తాగి పోండి," అన్నాడు.

ఆ మాటతీరు విని ఊరేదని అడిగాను. ప్రొద్దుటూరు అన్నాడు. నాది నెల్లూరు. ఇద్దరి ఊళ్లకూ పెన్నే ఏరు గనుక ఆయనను పైనీళ్లవాడని, నన్ను కిందినీళ్లవాణ్ణని ఆ పూటే నిర్ణయించుకున్నాం. ఇక్కడి భారతీయ పాఠశాలలో పాఠాలు చెప్పి విరమించిన నాకు మాట్లాడేందుకు మనిషి కావలసి ఉండేది. ఆయనకు వినడం అలవాటు. ఆయన వృత్తి వినడమే అని నాకు ఆ తరువాత తెలిసింది.

ఊరి వెలుపల, ఎడారి దారిలో ఉన్న ఒక షూటింగ్ క్లబ్బులో అల్లాబకాష్ తుపాకుల మేస్త్రీ. క్లబ్బుకు అనుబంధంగా ఒక దుకాణం ఉంది; లైసెన్సు ఉన్న పౌరులకు అక్కడ తుపాకులు అమ్ముతారు. ఇక్కడ నేను ఒక్క మాట కోసం ఆగుతాను, చదువరులు మన్నించాలి. తుపాకి అన్న పదం తురుష్కుల నోట పుట్టి, ఎన్నో దేశాలు దాటి మన భాషలో స్థిరపడింది. ఇప్పుడు దానిని అన్యదేశ్యమంటే మన పల్లెల్లో ఎవరూ నమ్మరు. రివాల్వరు మాత్రం ఇంతకాలమైనా తన ఇంగ్లీషు వేషం విడవలేదు. దానికి తెలుగు పేరు పెట్టాలని నేను కొన్నాళ్లు ప్రయత్నించి 'తిరుగుతుపాకి' అన్నాను. అల్లాబకాష్ మర్యాదస్థుడు, నవ్వలేదు. ఆయన భార్య రహీమాబీ మాత్రం, "తిరుగుబోతు మాదిరి ఉంది సార్ ఆ పేరు," అన్నది. అంతటితో ఆ ప్రయత్నం ముగిసింది.

రివాల్వరులో తూటాలుండే గదులు ఒక గుండ్రని సిలిండరులో ఉంటాయి. వెనుకనున్న సుత్తిని బొటనవేలితో మెల్లగా లాగితే ఆ సిలిండరు ఒక గది మేరకు తిరిగి, గది నోరు గొట్టపు నోటికి సరిగ్గా ఎదురై, అక్కడ బిగుసుకోవాలి. బిగుసుకున్నప్పుడు 'టిక్' అని సన్నని చప్పుడు. ఆ వెంటనే సుత్తి తన మెట్టు మీద నిలిచినప్పుడు 'టక్' అని లావు చప్పుడు. సన్నది ముందు రావాలి, లావుది తరువాత రావాలి. లావుది ఒక్కటే వస్తే గది ఇంకా సరిగా కుదురుకోలేదని అర్థం. అటువంటి దానితో పేలిస్తే గుండు గొట్టపు అంచును ఒరుసుకుపోతుంది. సీసపు పెళ్లలు పక్కకు చిమ్ముతాయి. అవి చేతికి తగలవచ్చు, పక్కవాని కంటికీ తగలవచ్చు.

అల్లాబకాష్ తండ్రి ప్రొద్దుటూరులో పెళ్లి ఊరేగింపులకు పెట్రోమాక్సు లైట్లు అద్దెకిచ్చేవాడట. దీపం బుస ఎలా ఉందో విని, గాలి చాలలేదనో నాజిల్లో మసి చేరిందనో చెప్పేవాడట. కొడుకు చిన్ననాడే ఆ విద్య పట్టుకున్నాడు. జెబెల్ అలీలో ఫిట్టరుగా చేరి, అక్కడినుండి క్లబ్బుకు వచ్చిన తరువాత ఆ చెవినే రివాల్వర్లకు అప్పగించాడు. పక్కనే పదిమంది పేలుస్తున్నా ఒక వైపు చెవిమూత తొలగించి, తుపాకిని ఆ చెవి దగ్గర పెట్టుకొని, కళ్లు మూసుకొని సుత్తి లాగేవాడు. వృత్తిలో అది ఆయన పద్ధతి. మూత లేకుండా అక్కడ నిలవరాదని తోటివారు చెబితే, "మూత పెట్టుకొని పాట ఇంటారా ఎవురైనా?" అనేవాడు.

కొత్త సరుకు వచ్చినప్పుడు పెట్టె విప్పి మొదట చెయ్యి వేసేది ఆయనే. దుకాణంలో అమ్మకాలు చూసే కాకినాడ శ్యాంప్రసాద్, కొనవచ్చినవారికి ధర కంటే ముందు చెప్పే మాట ఒకటుండేది: "అల్లాబకాష్ చూసేశాడండి." అరబ్బులకు కూడా ఆ వాక్యం తెలుగులోనే వచ్చు.

ఆ దుకాణానికి వచ్చే పెద్దమనుషులకు అన్ని తుపాకులూ ఒక ఎత్తు, కొంగ గుర్తు రివాల్వరు ఒక ఎత్తు. చలిదేశంలో ఏదో చిన్న ఊరిలో తయారవుతుంది. పిడి మీద ఒంటికాలి కొంగ చెక్కి ఉంటుంది. తండ్రి కొంగను కొడుకు తీసుకొని, తన కొడుకుకు కొత్త కొంగను కొని ఇవ్వడం కొన్ని కుటుంబాలలో ఆనవాయితీ. నౌకాదళంలో పనిచేసి విరమించిన అబూ రాషిద్ అనే పెద్దాయన ఆ గుంపుకు నాయకుడు. మడమల దాకా తెల్లని కందూరా అంగీ, చేతికర్ర, నోటినిండా గల్ఫు హిందీ. అల్లాబకాష్‌ను ఆయన పేరుతో పిలిచేవాడు, అల్లాబకాష్ ఆయనను బాబా అనేవాడు.

కరోనా వచ్చి క్లబ్బు మూతపడింది. తెరిచిన తరువాత, అంటే ఇక్కడ శుక్రవారం సెలవు పోయి ఆదివారం సెలవు వచ్చిన ఏడాది నుండి, కొంగ మీద ఫిర్యాదులు మొదలైనాయి. నాకు ఆ ఆదివారపు సెలవు ఇప్పటికీ అలవాటు కాలేదు. శుక్రవారం తీరికగా దొరకవలసిన మనిషి నాకు ఆదివారం దొరకసాగాడు. అలా ఒక ఆదివారం, నేను ఎన్నడూ చూడని ఆ క్లబ్బును చూపిస్తానని అల్లాబకాష్ నన్ను వెంట తీసుకువెళ్లాడు.

మేము వెళ్లేసరికి దుకాణంలో చిన్న సభ తీరి ఉంది. అబూ రాషిద్ కుర్చీలో కూర్చున్నాడు. ఆయన ముంజేతి మీద ఎర్రని గీత, దాని మీద మందు. చుట్టూ మరికొందరు కొనుగోలుదారులు, మృతుని ఇంట కూర్చున్నవారి ముఖాలతో ఉన్నారు.

శ్యాంప్రసాద్ మాకు ఎదురొచ్చి మెల్లగా, "కొంగకి తెగులొచ్చేసిందండి మాస్టారూ. పొద్దున్నుంచీ ఒకటే ఏడుపండి ఈళ్లు," అన్నాడు.

"యా అల్లాబకాష్," అన్నాడు అబూ రాషిద్, "కంపెనీ ఖలాస్."

"ఏమైంది బాబా?"

"మా నాన్నది కొంగ. నాది కొంగ. నా కొడుక్కి పోయిన చలికాలం కొన్నదీ కొంగే. అది నిన్న నా చెయ్యి కోసింది. కంపెనీ అమ్ముడుపోయిందంట. కొత్త యజమానికి లెక్కలొచ్చు, తుపాకీ రాదు." ఆయన తన కొడుకు కోసం కొన్న రివాల్వరును తీసి, ఖాళీగా ఉందని అందరికీ చూపి, సుత్తిని మెల్లగా లాగాడు. "విను. రెండు చప్పుళ్లు రావాలని నాకు నేర్పింది నువ్వే. వచ్చిందా?"

టక్. నాకు వినిపించింది ఒక్కటే.

తరువాత తన పాత కొంగను పెట్టెలోనుంచి తీశాడు. పిడి మీది బొమ్మ అరిగిపోయి పక్షి ఆకారం మాత్రం మిగిలింది. మళ్లీ మెల్లగా లాగాడు. టిక్, టక్. నా ముసలి చెవికి కూడా రెండూ స్పష్టంగా తెలిశాయి.

"ఇదీ కొంగ అంటే! విన్నావు కదా?"

"ఇన్నాను బాబా," అన్నాడు అల్లాబకాష్.

కాని ఆయన ముఖం వివర్ణమైంది. పాత తుపాకిని చేతిలోకి తీసుకొని చెవి దగ్గర పెట్టుకొని తానే లాగాడు. కొత్తదానిని లాగాడు. మళ్లీ పాతది. చుట్టూ ఉన్నవారు కంపెనీ పతనానికి ఆయన దుఃఖిస్తున్నాడనుకున్నారు. ఒకాయన భుజం కూడా తట్టాడు. క్లబ్బు మేనేజరు, ఇక్కడి మాటలో ముదీర్, నబీల్ లోపలి గదిలోనుండి వచ్చి, కంపెనీకి గట్టిగా రాయాలని, సరుకు చెడిపోయే వచ్చిందని మేస్త్రీ మాట కూడా అందులో ఉండాలని అన్నాడు. అల్లాబకాష్ తల ఊపాడు.

తిరుగు ప్రయాణంలో బస్సు సగం ఖాళీగా ఉంది. ఆయన కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాడు. నేను అలవాటు చొప్పున అరసున్న సంగతి ఎత్తుకున్నాను. పూర్వం మన రాతలో అరసున్న ఉండేది. నోరు దానిని పలకడం మాని ఎన్ని తరాలైనదో. చెయ్యి మాత్రం రాస్తూనే వచ్చింది. ఉన్నదని కంటికి తెలుసు, చెవికి తెలియదు అని చెబుతుండగా ఆయన నా చేయి పట్టుకున్నాడు.

"సార్, నాకు ఆ సన్న చప్పుడు ఇనపడలే."

"కొత్తదానిలో రాలేదు గదా."

"పాతదాంట్లో కూడా ఇనపడలే సార్. నాకు రెండు తుపాకులూ ఒకే మాదిరి ఉన్యాయి."

మనుషుల మాట ఆయనకు బాగానే వినిపిస్తుంది. అందుచేత మాలో ఎవరమూ పసిగట్టలేదు. సన్నని శబ్దాలే ముందు పోతాయని, అదీ తుపాకుల దగ్గర మూత లేకుండా నిలిచినవారికి తప్పదని తరువాత వైద్యుడు చెప్పాడు. ఆ బస్సులోనే ఆయన అసలు సంగతి కూడా చెప్పాడు. కంపెనీ చెడింది నిన్న మొన్న కాదు. అమ్ముడుపోయిన నాటినుండి కొంగలు ఒక చప్పుడుతోనే వస్తున్నాయి. పెట్టె విప్పడం, వినడం, ఆకురాయితో రెండు మూడు రాపిళ్లు రాసి సరిచేయడం, మళ్లీ విని కొనేవానికి పంపడం. ఇన్నేళ్లుగా ఆయన చేస్తున్నది అదే. ఎవరికీ చెప్పలేదు. ముదీరుకూ చెప్పలేదు.

"ఏంటికి చెప్పలేదు?" అన్నాను. ఆయన యాస నాకు అంటుకుంది.

"చుట్టం తెచ్చిన పలావులో ఉప్పు తక్కువుంటే అందరి ముందర చెప్తామా సార్? మనమే ఇంత కలుపుతాం. పెద్ద కంపెనీ. పేరుండే కంపెనీ. రెండు రాపిళ్ల పని. బాబావాళ్లు కొంగ కొంగ అని సంబరపడ్తారు గదా, ఆ సంబరం ఏంటికి చెడగొట్టాలని."

క్లబ్బు మళ్లీ తెరిచినప్పటినుండి మాత్రం కొంగలన్నీ ఆయనకు ఒకే తీరుగా వినిపించాయి. సన్న చప్పుడు రావడమూ రాకపోవడమూ ఆయనకు ఒకటై, ఆకురాయి అక్కరలేదని మురిసి, కంపెనీ మళ్లీ దారిన పడిందనుకొని, అన్నింటినీ అలాగే అమ్మకానికి పంపాడు. ఆ ఏడాది ఆయన చూశాడన్న ఒక్క మాట మీద అమ్ముడుపోయినవి ఇప్పుడు ఎందరి ఇళ్లలోనో ఉన్నాయి.

ఇంటికి వచ్చిన తరువాత రహీమాబీ టీ తెచ్చి, విషయం విని, గ్లాసు బల్ల మీద కొంచెం గట్టిగానే పెట్టింది.

"నేను పిలిస్తే పలకకపోతే పొగరనుకున్యా. నిజంగానే ఇనపడదా నీకు?"

"నువ్వు పిలిస్తే ఇనపడ్తాది," అన్నాడు ఆయన.

"అంటే పలకనిది పొగరే!" అన్నదామె. నవ్వబోయి ఆగిపోయింది.

ఆయన ముందున్న చిక్కు ఏమిటో మా ముగ్గురికీ తెలుసు. సరుకు చెడిపోయి వచ్చిందని ముదీర్ అడిగిన మాట చెబితే అందులో అబద్ధం లేదు. నింద న్యాయంగా కంపెనీకే పోతుంది. ఆయన పేరు నిలుస్తుంది, ఈ దేశంలో ఉండేందుకిచ్చే ఇకామా మళ్లీ పొడిగిస్తారు. అసలు సంగతి చెబితే చెవి లేని మేస్త్రీని ఏ క్లబ్బూ ఉంచుకోదు. నేను వ్యాకరణం చెప్పినవాణ్ణి. వాక్యంలో దోషం లేకున్నా అర్థం తప్పవచ్చునని నాకు తెలుసు. కాని ఆ మాట అనడానికి నోరు రాలేదు. ఆయన ఉద్యోగం నాది కాదు గదా.

అన్నది రహీమాబీ. "ఈసారి చెయ్యి గీసుకున్యాది. ఇంగోసారి ఎవురి బిడ్డ కంట్లోనో పడితే? కంపెనీ తప్పు అని దుప్పటి కప్పుకొని పండుకుంటావా?"

ఆయన టీ పూర్తిగా తాగాడు. "రేపు మీరూ రండి సార్," అన్నాడు నాతో. "వాళ్లు అనేది నాకు ఇనపడకపోతే చెబుదురు."

మనుషుల మాట ఆయనకు వినబడుతుందని ఇద్దరికీ తెలుసు. నేను వెళ్లాను.

మరునాడు అబూ రాషిద్‌ను కూడా పిలిపించి, ముదీర్ గదిలో నిలబడి అల్లాబకాష్ అంతా చెప్పాడు. హిందీలో చెప్పాడు, అక్కడక్కడ ఊపిరి తీసుకుంటూ చెప్పాడు. చెవి సంగతి చెప్పాడు. ఆకురాయి సంగతీ చెప్పాడు. చెవి సంగతి విన్నప్పుడు అబూ రాషిద్ ముఖం మెత్తబడింది. రెండవది విన్నప్పుడు ఆయన కర్ర ఊనుకొని లేచాడు.

"చెవి అల్లా ఇచ్చాడు, అల్లా తీసుకున్నాడు. అది నీ తప్పు కాదు. కంపెనీ చెడిందని ఇన్నేళ్లు నాకెందుకు చెప్పలేదు?"

"బాబా, కంపెనీ పేరు..."

"పేరు వాళ్లది! దానికి కాపలా ఉండమని నీకెవరు చెప్పారు? నేను నా తమ్ముళ్ల చేత కొనిపించాను. నా కొడుక్కి కొన్నాను. మజ్లిస్‌లో నలుగురి మధ్య కూర్చుని, కొంగ ఎప్పటికీ కొంగే అని పందెం కట్టినట్టు చెప్పాను. నేను కొన్నది కొంగనా, నీ ఆకురాయినా?"

అల్లాబకాష్ ఏదో అనబోయాడు.

"మాట్లాడకు! నీ మంచితనం నా చెయ్యి కోసింది." ఆయన వెళ్లిపోయాడు. కర్ర చప్పుడు బయటి రాళ్ల మీద చాలాదూరం వినిపించింది. నాకు వినిపించింది, అల్లాబకాష్‌కు ఎంతవరకు వినిపించిందో నేను అడగలేదు.

ముదీర్ నబీల్ తలపట్టుకున్నాడు. క్లబ్బు తెరిచిన నాటినుండి అమ్మిన కొంగలన్నిటినీ వెనక్కు పిలవాలన్నాడు. "నీ సంగతి ఆ పని అయ్యాక మాట్లాడదాం," అన్నాడు అల్లాబకాష్‌తో. ఉంచుతానని అనలేదు, తీసేస్తాననీ అనలేదు.

కంపెనీ నుండి జవాబు వచ్చింది. శ్యాంప్రసాద్ నాకు ఫోను చేసి దాని సారాంశం చెప్పాడు. "ఏమన్నారో తెలుసాండీ మాస్టారూ? లోకంలో ఎక్కణ్ణుంచి కంప్లైంటొచ్చినా మీ గల్ఫ్ నుంచి మాత్రం ఇన్నేళ్లలో ఒక్కటీ రాలేదు, మీవోళ్లే మాకు మంచి కస్టమర్లు, కాబట్టి తేడా మీ దగ్గరే జరిగుంటాది చూసుకోండన్నారండి. అల్లాబకాష్ గారికీ చదివి వినిపించేశానండి."

నేను ఆ మాట గురించి చాలాసార్లు ఆలోచించాను. ఆయన రాపిళ్లు ఇక్కడివారికే కాక అక్కడివారికి కూడా తప్పును కనబడనీయలేదు. పిల్లవాని తప్పు తానే దిద్ది ఆ పలకకు మార్కులు వేసే ఉపాధ్యాయుణ్ణి ఎవరూ మెచ్చరు. అయినా మన సమాజంలో ఆ పని చేయనివారు తక్కువ. పెళ్లివారి వంటవాడు, కార్యాలయంలో గుమాస్తా, బడిలో తోటి పంతులు, పైవాని లోపాన్ని తమ చేతితో పూడ్చి, అది వినయమని అనుకుంటారు. నాకు ఇందులో తీర్పు చెప్పాలని లేదు.

వెనక్కు వచ్చిన రివాల్వర్లు బల్ల మీద బారులు తీరాయి. వాటిని వినాలి. వినడానికి చెవి కావాలి. శ్యాంప్రసాద్ రెండు రోజులు ప్రయత్నించాడు. కాని ఆయన మాటల మనిషి. చప్పుడు వచ్చే క్షణానికి తానే ఏదో మాట్లాడుతుండేవాడు. రివాల్వర్లు వెనక్కు రావడం మొదలైన మూడవ వారంలో, ఎవరూ పిలవకుండానే, అబూ రాషిద్ వచ్చాడు. ఒక చేతిలో కర్ర, ఒక చేతిలో అరబ్బుల కాఫీ గహ్వా నింపిన ఫ్లాస్కు. అల్లాబకాష్‌కు సలామైనా చెప్పకుండా ఆయన పక్కన కుర్చీ లాక్కొని కూర్చుని, "లాగు," అన్నాడు.

ఆ రోజు నేను మళ్లీ వెళ్లాను. అల్లాబకాష్ సుత్తిని మెల్లగా లాగుతాడు. అబూ రాషిద్ కళ్లు మూసుకొని విని, ఒక్క చప్పుడే వస్తే "వాహిద్" అంటాడు, రెండు వస్తే "ఇత్నేన్" అంటాడు. వాహిద్ అయినవి ఎడమ పక్కకు, కంపెనీకి తిరిగి పోయే పెట్టెలోకి. ఇత్నేన్ అయినవి కుడి పక్కకు. ఎడమ పక్కది నిండుతూ వచ్చింది. అబూ రాషిద్ కొడుకుది కూడా దానిలోకే పోయింది. పోయేటప్పుడు ఆయన దాని పిడి మీది బొమ్మను ఒకసారి చూశాడు.

ఒకటి దాదాపుగా సరిగానే ఉంది. అబూ రాషిద్ రెండుసార్లు లాగించి, సందేహించి, "వాహిద్," అన్నాడు. అల్లాబకాష్ దానిని తెరిచి లోపల చూశాడు. ఆయన చెయ్యి తెలియకుండానే ఆకురాయి మీదికి పోయింది.

"లా, లా!" వద్దంటూ అబూ రాషిద్ కర్రతో బల్ల మీద కొట్టాడు. "అలాగే పోనీ."

"ఒక్క రాపిడి బాబా. ఇదేమీ పెద్ద..."

"గధా! ఇంకా బుద్ధి రాలేదా నీకు? వాళ్లు చూడాలి. వాళ్ల కళ్లతో వాళ్లు చూడాలి."

అల్లాబకాష్ ఆ తుపాకిని చేతిలో చాలాసేపు పట్టుకున్నాడు. ఒక్క రాపిడి. అది చేయకుండా ఆగడం ఆయనకు ఎంత కష్టమో పక్కన నిలిచిన నాకు తెలుస్తూనే ఉంది. తడి బట్టను పిండకుండా ఆరవేయమన్నట్లుంది ఆయనకు. చివరకు దానిని ఎడమ పెట్టెలో పెట్టాడు. అబూ రాషిద్ ఫ్లాస్కు మూతలో గహ్వా పోసి, ఆయన ముఖం చూడకుండానే ఆయన వైపు జరిపి, "లాగు, యల్లా," అన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నేను అడిగాను. పెద్దాయన మనసు కరిగిందా అని, ఉద్యోగం నిలుస్తుందని ముదీర్ ఏమైనా అన్నాడా అని.

"ముదీర్ ఏమీ అనలే సార్. పని అయినంక సూద్దాం. బాబా మాత్రం ఆ రోజు తిట్టిపోయినాడు. ఇప్పుడు పక్కన కూసోని తిడతాండాడు." దిగేందుకు లేస్తూ, "రేపు కూడా వస్తానన్యాడు," అన్నాడు.